రక్తప్రవాహంలో మందు ప్రయాణం

వెనుకటి కాలంలో వైద్యులు చేసే పరీక్ష ఒకటి ఉండేది. రోగి మోచేతి సిరలో సూదితో కొద్దిపాటి చేదుమందు ఎక్కించి, గడియారం చేతపట్టుకొని, "నాలుకకు చేదు తగలగానే చెప్పండి" అనేవారు. ఆరోగ్యవంతునికి సుమారు 10 నుంచి 16 సెకన్లలో చేదు తెలిసేది. గుండె బలహీనపడినవారికి అంతకన్న ఎక్కువ కాలం పట్టేది. నోట వేసుకోని మందు నాలుకకు ఎట్లా అందింది? అది సిర వెంట గుండె కుడిభాగానికి పోయి, అక్కడినుంచి ఊపిరితిత్తులు చుట్టి, గుండె ఎడమభాగానికి చేరి, ధమనుల ద్వారా నాలుకకు వచ్చింది. ఇంతటి ప్రయాణానికి పావు నిమిషం చాలింది.

సూదినుంచి బయలుదేరినప్పుడు ఆ మందు ఒకేచోట ఉన్న చిన్న ముద్ద. నాలుకను చేరేసరికి ముద్దగా ఉండదు. కొంత ముందు వస్తుంది, కొంత ఆలస్యంగా వస్తుంది, కొంత ఇంకా దారిలోనే ఉంటుంది. నాళంలో ప్రవహించే ద్రవంలో కరిగిన పదార్థం ఈ విధంగా పొడవునా సాగడానికి కారణమేమి? ఎంత దూరం సాగుతుంది? ఇవి పండితుల వినోదానికి పుట్టిన ప్రశ్నలు కావు. గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతున్నదో లెక్క కట్టాలన్నా, ఏ మందును ఎంత మెల్లగా ఎక్కించాలో నిర్ణయించాలన్నా ఈ విషయం తెలియక తప్పదు.

రక్తం దేహమంతటా తిరిగి మళ్ళీ గుండెకు వస్తుందని ఆంగ్ల వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రకటించాడు. ఒక చుట్టు తిరగడానికి ఎంత కాలం పడుతుందో కొలిచే పద్ధతి రావడానికి మరి రెండు వందల సంవత్సరాలు పట్టింది. జర్మనీలో హెరింగ్ అనే పశువైద్యుడు గుర్రం మెడలో ఒక వైపు సిరలోనికి పొటాషియం ఫెరోసైనైడ్ అనే లవణం ఎక్కించి, రెండవ వైపు సిరనుంచి కొద్ది సెకన్లకొకసారి రక్తం తీసి పరీక్షించాడు. ఆ లవణం ఇనుప లవణంతో కలిస్తే ముదురు నీలిరంగు పుడుతుంది. అర నిమిషం లోపలనే ఆ నీలిరంగు కనిపించింది. ఈ ఫలితాలను ఆయన 1829లో ప్రకటించాడు. రక్తప్రవాహంలో ఒక గుర్తును వదిలి, అది ఎప్పుడు ఎక్కడ తేలుతుందో చూచి, ప్రవాహపు తీరును తెలుసుకొనే విద్యకు అది నాంది.

అయితే ఈ కొలతలో ఒక చిక్కు ఉన్నది. మొదట కనిపించిన చుక్క రక్తమంతటి వేగాన్నీ తెలుపుతుందా? తెలుపదు. ఎందుకో చూద్దాం.

పంటకాలువలో ఒక పూవును నడిమధ్య, మరొక పూవును గట్టు పక్కన వదలిపెడితే నడిమి పూవు ముందు సాగిపోతుంది, గట్టు పక్కది వెనుకబడుతుంది. సన్నని గొట్టంలోనూ అంతే. గోడను అంటుకొన్న పొర అసలు కదలదు. దాని పక్క పొర కొద్దిగా కదులుతుంది. అట్లా లోపలికి పోయేకొద్దీ వేగం పెరిగి నడిమధ్య అత్యధికమవుతుంది. ఫ్రెంచి వైద్యుడు పోయిస్యూయ్ రక్తనాళాలలో ప్రవాహాన్ని అర్థం చేసుకోవాలనే కోరికతోనే సన్నని గాజునాళాలలో ద్రవాలను ప్రవహింపజేసి, 1840 ప్రాంతంలో తన నియమాన్ని వెల్లడించాడు. నాళపు వ్యాసార్ధం సగమైతే, అదే ఒత్తిడికి ప్రవాహం పదహారవ వంతుకు పడిపోతుందని ఆ నియమం చెబుతుంది. ఇట్టి సాఫీ ప్రవాహంలో నడిమి ధార వేగం సగటు వేగానికి సరిగ్గా రెట్టింపు. కాబట్టి మొదట కనిపించిన చుక్కనుబట్టి వేగం లెక్కగడితే అసలు ప్రవాహాన్ని రెండింతలుగా భ్రమించే అవకాశం ఉన్నది. గుండె నిమిషానికి రెండున్నర లీటర్లు మాత్రమే పంపగలిగే రోగిని చూచి, ఐదు లీటర్లు పంపుతున్నదని వైద్యుడు తృప్తిపడితే ఏమవుతుందో ఊహించవచ్చు.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకొందాం. అర మిల్లీమీటరు వ్యాసం గల గాజునాళంలో నీరు సెకనుకు సగటున 1 మిల్లీమీటరు చొప్పున పోతున్నదనుకొందాం. నాళం మొదట్లో కొద్దిగా రంగు వదిలాం. 1,000 సెకన్లు, అంటే సుమారు 17 నిమిషాలు గడిచాయి. సగటున నీరు 1 మీటరు ముందుకు పోయింది. రంగు అణువులకు తాము ఉన్న పొరను విడిచిపోయే స్వభావమే లేదనుకొంటే, నడిమి పొరలోని రంగు 2 మీటర్ల దూరానికి పోయి ఉంటుంది; గోడ పక్క రంగు బయలుదేరిన చోటనే ఉంటుంది. ఇక రంగు అంతా 2 మీటర్ల పొడవున సాగిన దారంలాగా ఉండాలి.

కాని అణువులు ఊరకుండవు. ద్రవంలో కరిగిన ప్రతి అణువూ చుట్టూ ఉన్న అణువుల తాకిడికి అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. కదలని నీటిలో పర్మాంగనేట్ పలుకు వేస్తే ఎవరూ కలపకుండానే ఊదారంగు మెల్లగా వ్యాపించడం మనం ఎరిగినదే. దీనినే వ్యాపనం అంటారు. ఇది దగ్గరి దూరాలకు చురుకైనది, దూరపు ప్రయాణానికి మహా మందకొడి. ఒక చిన్న అణువు నీటిలో మిల్లీమీటరులో నూరవ వంతు దూరం పోవడానికి సెకనులో ఇరవయ్యవ వంతు చాలు. 1 మిల్లీమీటరు పోవడానికి సుమారు 8 నిమిషాలు కావాలి. 1 సెంటీమీటరు పోవడానికి సుమారు 14 గంటలు పడుతుంది. దూరం పదింతలైతే కాలం నూరింతలవుతుంది. మన గాజునాళంలో నీరు కదలక నిలిచి ఉంటే, 17 నిమిషాలలో రంగు చెరొక వైపు మిల్లీమీటరున్నర కన్న ఎక్కువ సాగదు.

ప్రవాహం ఒక్కటే అయితే 2 మీటర్లు. వ్యాపనం ఒక్కటే అయితే కొద్ది మిల్లీమీటర్లు. రెండూ కలిస్తే ఏమవుతుంది? రెంటినీ కూడితే 2 మీటర్లకు మరికొంత చేరాలని ఎవరికైనా తోస్తుంది. ప్రకృతి అట్లా లెక్క వేయదు. రంగులో మూడింట రెండు వంతులు 1 మీటరు గుర్తుకు ముందు 5 సెంటీమీటర్లు, వెనుక 5 సెంటీమీటర్ల మధ్యనే ఉంటాయి. 2 మీటర్లు సాగవలసిన రంగును ఆ మందకొడి వ్యాపనమే పట్టి ఆపింది.

ఈ రహస్యాన్ని విప్పినవాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ ఇంగ్రం టేలర్. ద్రవాల గతిని గూర్చి ఆయన చేసిన పరిశోధనలు ప్రపంచ ప్రసిద్ధాలు. 1953లో, తన 67వ ఏట, నాళాలలో మెల్లగా ప్రవహించే ద్రవంలో కరిగిన పదార్థం ఎట్లా చెదురుతుందో వివరించే వ్యాసాన్ని ప్రకటించాడు. ఆయన సిద్ధాంతాన్ని పరీక్షించడానికి వాడిన సామగ్రి గొప్పదేమీ కాదు. సన్నని గాజునాళం, నీరు, పర్మాంగనేట్.

అంతకు ముందు 1911లో గ్రిఫిత్స్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వింతను గమనించాడు. సన్ననాళంలో వదలిన రంగు సగటు వేగంతో కదిలే ఒక గుర్తుకు ముందూ వెనుకా సమానంగా పరచుకొంటున్నది. దీనిలోని ఆశ్చర్యాన్ని టేలర్ ఎత్తి చూపాడు. నాళం నడిమి నీరు సగటుకు రెట్టింపు వేగంతో పోతున్నది గదా! అంటే వెనుకనుంచి స్వచ్ఛమైన నీరు వచ్చి రంగుపట్టీలో ప్రవేశిస్తుంది, రంగును పీల్చుకొంటుంది, పట్టీని దాటి ముందుకు పోయేటప్పుడు ఆ రంగును అక్కడే విడిచి, మళ్ళీ స్వచ్ఛంగా బయటికి పోతుంది. రంగును అట్లా వెనుకకు లాగి ఉంచేది అడ్డంగా జరిగే వ్యాపనమే.

తిరునాళ్ళకు కాలినడకన పోయే యాత్రికుల గుంపును తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. బాట నడిమి చదునుగా ఉన్నది. అక్కడివారు చకచక నడుస్తారు. అంచులు ఇసుక, అక్కడివారు కాళ్ళీడ్చుకొంటూ నడుస్తారు. ఎవరి వరుసలో వారే ఉండిపోతే సాయంత్రానికి కొందరు గుడి చేరుతారు, కొందరు ఊరి పొలిమేరలోనే ఉంటారు. అట్లాకాక ప్రతివారూ మాటిమాటికీ నడిమికీ అంచుకూ మారుతూ పోతే, ప్రతివానికీ మంచి బాట కొంతసేపు, ఇసుక బాట కొంతసేపు వస్తాయి. అప్పుడు అందరి సగటు వేగమూ ఇంచుమించు ఒకటే. గుంపు కొంత సాగుతుంది గాని విడిపోదు. ఎంత త్వరత్వరగా వరుసలు మారితే గుంపు అంత దగ్గరగా ఉంటుంది.

మన గాజునాళంలో అణువు నడిమినుంచి గోడదాకా పోవడానికి అర నిమిషం కూడా పట్టదు. 17 నిమిషాలలో అది ఎన్నో మార్లు వరుసలు మారుతుంది. అందువల్లనే రంగు 2 మీటర్లు సాగక కొద్ది సెంటీమీటర్లలో ఉండిపోయింది.

దీనినుంచి టేలర్ తీసిన సూత్రం చిత్రమైనది. నాళపు వ్యాసార్ధపు వర్గాన్ని సగటు వేగపు వర్గంతో గుణించి, వ్యాపన గుణకానికి 48 రెట్లతో భాగిస్తే పొడవునా సాగే గుణం వస్తుంది. వ్యాపనం భాజకంలో ఉండడమే ఇందులోని విశేషం. అణువు అడ్డంగా ఎంత చురుకుగా కదిలితే పదార్థం పొడవునా అంత తక్కువగా సాగుతుంది. గ్లూకోజుతో పోలిస్తే రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీను అణువు చాలా పెద్దది. దాని వ్యాపనం సుమారు పదవ వంతే. అయినా ఒకే నాళంలో ఒకే వేగాన పోయేటప్పుడు గ్లూకోజుకన్న ఆల్బుమినే సుమారు మూడింతలు ఎక్కువ పొడవున పరచుకొంటుంది. నిలిచిన నీటిలో వెనుకబడేది పారే నీటిలో ఎక్కువ చెదురుతుందన్నమాట. 1956లో రూథర్‌ఫర్డ్ ఆరిస్ ఈ సూత్రానికి మరింత దృఢమైన గణిత ప్రాతిపదిక కల్పించి, పొడవునా జరిగే మామూలు వ్యాపనాన్ని కూడా దానికి జోడించాడు. ఈనాడు ప్రయోగశాలలలో ఈ సూత్రాన్ని తిరగవేసి వాడుతున్నారు. సన్ననాళంలో పదార్థం ఎంత సాగిందో కొలిచి, దానినుంచి అణువు పరిమాణాన్ని అంచనా వేస్తున్నారు.

ఇక గాజునాళాన్ని విడిచి రక్తనాళానికి వద్దాం. రక్తం నీరువంటిది కాదు. దానిలో ఇంచుమించు సగం ఎర్రకణాలే. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు ఏడెనిమిది రెట్లు వెడల్పు గల మెత్తని బిళ్ళ. సన్ననాళాలలో ఈ కణాలు గోడకు దూరంగా జరిగి నడిమికి చేరతాయి. గోడ పక్కన కణాలు లేని పలుచని ప్లాస్మా పొర మిగులుతుంది. స్వీడనుకు చెందిన ఫోరియస్ 1929లో దీని ఫలితాలను వివరించాడు. కణాలు వేగంగా పోయే నడిమిలో ఉండడంవల్ల అవి ప్లాస్మాకన్న త్వరగా నాళాన్ని దాటిపోతాయి. అంతేకాక, రక్తం మెల్లగా కదిలేటప్పుడు కణాలు ఒకదానినొకటి పట్టుకొని, నడిమి భాగమంతా ఒకే కడ్డీవలె జరుగుతుంది. నడిమికీ పక్కలకూ వేగంలో తేడా తగ్గుతుంది. ఆ మేరకు కరిగిన పదార్థం సాగడమూ తగ్గుతుంది. ఇట్టి ద్రవాలలో పదార్థవ్యాప్తిని లెక్కించడంలో మన దేశపు గణిత శాస్త్రజ్ఞులు కూడా కృషి చేశారు. నాళపు గోడ పదార్థంలో కొంత పీల్చుకొంటే ఏమవుతుందో నాగరాణి, సరోజమ్మ, జయరామన్‌లు 2004లో ప్రకటించిన వ్యాసంలో పరిశీలించారు.

రక్తనాళాలన్నిటికీ ఒకే న్యాయం వర్తించదు. గుండెనుంచి బయలుదేరే బృహద్ధమని వ్యాసం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అణువు దాని నడిమినుంచి గోడకు వ్యాపనం ద్వారా చేరాలంటే అర రోజుకు పైగా కావాలి. రక్తం దానిని దాటడానికి కొద్ది సెకన్లే. అంటే ఇక్కడ టేలర్ చెప్పిన వరుసల మార్పుకు వ్యవధే లేదు. పెద్ద నాళాలలో మందును రక్తంతో కలిపేది గుండె గదులలోని చిలకడం, శాఖలు కలిసేచోట ధారల పెనుగులాట. నాడి కొట్టుకొన్నప్పుడెల్లా వచ్చే ఒడిదుడుకులు. పైగా ఒక్కొక్క అవయవానికి దారి పొడవు వేరు. దగ్గరి దారిన పోయిన మందు ముందు తిరిగి వస్తుంది, దూరపు దారిన పోయినది ఆలస్యంగా వస్తుంది.

కేశనాళికల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. వాటి వ్యాసం ఎర్రకణమంతే. కణాలు ఒకదాని వెనుక ఒకటి ఒదిగి పోవలసిందే. అక్కడ రక్తం వేగం సెకనుకు మిల్లీమీటరు కూడా ఉండదు. టేలర్ సూత్రంలో ఈ అంకెలు వేసి చూస్తే ప్రవాహం కలిగించే సాగుదల లెక్కకు రానంత స్వల్పం. అడ్డంగా పోవలసిన దూరం మాత్రం మిల్లీమీటరులో కొన్ని వెయ్యవ వంతులు. వ్యాపనానికి రెప్పపాటు చాలు. రక్తం కేశనాళికలో సుమారు ఒక సెకను ఉంటుంది. ఆ సెకనులోనే ప్రాణవాయువు, చక్కెర, మందు గోడ దాటి కణజాలానికి చేరుతాయి. ప్రాణవాయువు కేశనాళికనుంచి చుట్టూ ఎంత దూరం వ్యాపించగలదో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆగస్టు క్రో 1919లో లెక్కగట్టి చూపాడు. కేశనాళికలను గూర్చిన పరిశోధనకు 1920లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. దూరాలకు రవాణా చేయడం ప్రవాహం పని. చివరి గడప దాటించడం వ్యాపనం పని. అందుకే ప్రకృతి నాళాలను చీల్చి చీల్చి అంత సన్నగా చేసింది.

మరి పెద్ద నాళాలలో ఇంత గజిబిజిగా సాగే గుర్తునుబట్టి గుండె పనిని ఎట్లా కొలవడం? 1890లలో జార్జి స్టూవర్ట్ దారి చూపాడు. 1930 ప్రాంతంలో అమెరికాలో హామిల్టన్ దానిని తీర్చిదిద్దాడు. వారి ఆలోచన సరళమైనది. మొదటి చుక్క ఎప్పుడు వచ్చిందని చూడవద్దు; వచ్చిన రంగునంతటినీ లెక్కించండి. 5 మిల్లీగ్రాముల రంగు ఎక్కించారనుకొందాం. ధమనిలో ఆ రంగు 30 సెకన్లపాటు, లీటరుకు సగటున 2 మిల్లీగ్రాముల చొప్పున కనిపించింది. 5 మిల్లీగ్రాములు పోవాలంటే ఆ అర నిమిషంలో రెండున్నర లీటర్ల రక్తం పోయి ఉండాలి. అంటే నిమిషానికి 5 లీటర్లు. రంగు దగ్గరగా వచ్చినా, సాగి సాగి వచ్చినా మొత్తం మారదు గనుక ఈ లెక్క చెడదు.

అయినా ఒక ఆటంకం ఉన్నది. ముందు వచ్చిన రంగు దేహం చుట్టి రెండవసారి వచ్చేసరికి, వెనుకబడిన రంగు ఇంకా మొదటిసారే వస్తూ ఉంటుంది. గుండె బలహీనమైన కొద్దీ రంగు మరింత సాగి, తోక ఈ రెండవ రాకలో మునిగిపోతుంది. తోక తగ్గే క్రమం ఒక నియమానికి లోబడి ఉంటుందని గ్రహించి, హామిల్టన్ దానిని గీతలో పొడిగించి లెక్క పూర్తి చేశాడు. 1954లో ఫెగ్లర్ రంగుకు బదులు చల్లదనాన్నే గుర్తుగా వాడే పద్ధతి చూపాడు. చల్లని ద్రవం ఒక చుట్టు తిరిగేసరికి దేహపు వేడికి వెచ్చబడుతుంది గనుక రెండవ రాక బాధ చాలవరకు తప్పింది. 1970 తరువాత గుండెలోనికి పంపే సన్నని గొట్టాలతో ఈ పద్ధతి ఆసుపత్రులలో ప్రవేశించింది.

ఈ శాస్త్రంలో ప్రతి ఇంటికీ పనికివచ్చే విషయం ఒకటి ఉన్నది. సిరలోనికి ఎక్కించిన మందు వెంటనే రక్తమంతటా సమంగా కలిసిపోతుందని చాలమంది తలపోస్తారు. చేతినుంచి గుండెకు చేరడానికి దానికి పట్టేది కొద్ది సెకన్లే. వ్యాపనం 1 మిల్లీమీటరు పోవడానికే 8 నిమిషాలు కావాలని చూశాం. కాబట్టి త్వరగా ఎక్కించిన మందు గుండెకు చిక్కగానే చేరుతుంది. పొటాషియం క్లోరైడు వంటి లవణం కొద్దికొద్దిగా పోతే ప్రాణం నిలుపుతుంది. చిక్కగా, వేగంగా పోతే గుండెను ఆపివేయగలదు. దానిని పలుచన చేసేది సిరలో వచ్చే రక్తం. ఆ రక్తానికి తగిన వ్యవధి ఇవ్వడమే మందును బొట్టుబొట్టుగా ఎక్కించడంలోని అర్థం.

అందువల్ల ఆసుపత్రిలో మనవారి పక్కన కూర్చున్నప్పుడు, సీసా త్వరగా పూర్తి కావాలని గొట్టం మీది చిన్న చక్రాన్ని మనంతట మనం తిప్పరాదు. బొట్టు మరీ మెల్లగా పడుతున్నదనిపిస్తే నర్సుతో చెప్పాలి. బొట్టుకూ బొట్టుకూ మధ్య ఉన్న ఆ ఎడం వృథా కాలం కాదు. మందు రక్తంలో కలవడానికి వైద్యుడు ఉద్దేశించి ఇచ్చిన వ్యవధి అది.